గోపాల్‌పూర్‌లో మామ్మగారి ఇల్లు

ఒరిస్సాలో బరంపురం మా ఊరు. అక్కడ మా ఇంటి నుంచి గోపాల్‌పూర్ సముద్రం 16 కిలోమీటర్లు. పాత బస్టాండులో బస్సెక్కితే ముప్పావుగంటలో ఉప్పుగాలి మొహానికి తగిలేది. అంత దగ్గర ఊరికి మేము ఏటా డిసెంబరులో ట్రంకుపెట్టె సర్దుకుని, మూడు రాత్రులు ఉండటానికి వెళ్ళేవాళ్ళం.

"పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు కదరా, గదికి డబ్బులు పొయ్యడం దేనికి?" అని నాయనమ్మ ప్రతి ఏడూ అడిగేది. నాన్న ఏమీ చెప్పేవారు కాదు. తలొంచుకుని పెట్టెకి తాళం వేసుకునేవారు.

మొదటిసారి వెళ్ళింది 1986లో. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి ఐదు. ఆ కార్తీకమాసంలో అమ్మకి జ్వరం వచ్చి పదిహేను రోజులు మంచం దిగలేదు. తగ్గాక డాక్టరుగారు నాన్నని పక్కకి పిలిచి, "మందులు వాడుతున్నారు సరే, ఈమెని కొన్నాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వకండి" అన్నారట. మా ఇంట్లో అది అయ్యే పని కాదు. తాతయ్య, నాయనమ్మ, బాబాయిలు, అత్త, మేము, అందరం కలిపి తొమ్మిది మందిమి. రెండు పూటలా పద్దెనిమిది కంచాలు, మధ్యలో టిఫిన్లు, వచ్చేపోయేవాళ్ళు. బొగ్గుల పొయ్యి తెల్లవారుజామున రాజుకుంటే రాత్రి పదికి గానీ ఆరేది కాదు. పోనీ పుట్టింటికి పంపుదామా అంటే, ఇచ్ఛాపురంలో మా అమ్మమ్మకి కళ్ళు కనిపించవు. అక్కడికి వెళ్ళినా అమ్మ గుమ్మం దాటగానే కొంగు దోపుకుని వంటింట్లోకే పోతుంది.

నాన్న పట్టుబట్టల కొట్లో లెక్కలు రాసేవారు. దసరా, దీపావళి, కార్తీకమాసపు పెళ్ళిళ్ళ బేరాలు అయిపోయాక డిసెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికేది. కొట్టుకి వచ్చే ఎవరో గోపాల్‌పూర్‌లో ఒక తెలుగు మామ్మగారు గదులు అద్దెకిస్తారని, పొద్దుటి టిఫిన్ కూడా ఆవిడే పెడతారని చెప్పారు. గదికి, టిఫిన్‌కి కలిపి రోజుకి నలభై రూపాయలు. నాన్న జీతానికి అది చిన్న మొత్తం కాదు.

ఆ ఇల్లు సముద్రం ఒడ్డున ఉన్న వీధికి ఒక వరస వెనక, లైట్‌హౌస్ వైపు ఉండేది. పెంకుటిల్లు, ముందు పొడుగాటి వరండా, వరండాలో ఒక చెక్క బల్ల. మామ్మగారి మామగారు రంగూన్‌లో పనిచేసి తెచ్చిన డబ్బుతో కట్టిందట. ఒకప్పుడు కళింగపట్నం, బారువల్లాగే గోపాల్‌పూర్ కూడా రంగూన్ వెళ్ళే స్టీమర్లు ఆగే రేవు. గంజాం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి ఎంతమంది కూలీలు, మేస్త్రీలు అక్కడ ఓడెక్కారో. 1942లో జపానువాళ్ళు రంగూన్‌ని పట్టుకోవడంతో ఆ రాకపోకలు పోయాయి, రేవు కూడా పాడుబడింది. మా చిన్నప్పటికి పాత జెట్టీ స్తంభాలు మాత్రం నీళ్ళ దగ్గర మొండిగా నిలబడి ఉండేవి. మామ్మగారి ఇంట్లో మంచాలు బర్మా టేకువి. ఇద్దరు మనుషులు పట్టి లాగినా కదిలేవి కావు. ఆ మంచం మీద పడుకుని చెయ్యి చాపితే పట్టె చల్లగా, నున్నగా తగిలేది. కళ్ళు మూసుకుంటే సముద్రం గోడకి అవతలే ఉన్నట్టు హోరు.

గేటు దగ్గర చిన్న రేకు బోర్డు. ఒడియాలో, బెంగాలీలో, ఇంగ్లీషులో 'గదులు, టిఫిన్' అని రాసి ఉండేది. తెలుగులో లేదేమని నాన్న అడిగితే మామ్మగారు, "మనోళ్ళకి బోర్డు ఎందుకు బాబూ? ఈదిలో ఎవర్నడిగినా తీసుకొస్తారు" అన్నారు. ఆవిడకి అరవై ఏళ్ళు దాటాయి. పొట్టి మనిషి, నుదుట పచ్చబొట్టు, ముతక నేతచీర. భర్త పోయాక ఇద్దరు కొడుకులని ఆ మూడు గదుల అద్దె మీదే చదివించుకున్నారు.

మొదటి రోజు పొద్దున్న జరిగింది నాకు ఈ రోజుకీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. అలవాటు కొద్దీ అమ్మకి నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. మమ్మల్ని లేపకుండా పెరట్లోకి వెళ్ళింది. నాకు కొత్తచోటు, భయమేసి నేనూ వెనకాలే వెళ్ళాను. పెరట్లో తాటాకుల పందిరి కింద మామ్మగారు పొయ్యి రాజేస్తున్నారు. పక్కన కోరాం, రెండు కొబ్బరిచిప్పలు. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా పీట లాక్కుని కూర్చుని, కొబ్బరిచిప్ప అందుకుంది. ఎవరింటికి వెళ్ళినా అంతే. చేతిలోకి పని దానంతట అదే వచ్చేసేది.

మామ్మగారు లేచి వచ్చి అమ్మ చేతిలోంచి కొబ్బరిచిప్ప తీసేసుకున్నారు.

"ఏటమ్మా, అప్పుడే లేచిపోనావు?"

"మెలకువ వచ్చేసిందండీ. ఊరికే కూర్చోవడం ఎందుకని..."

"ఇదిగో సూడు. నీ పెనిమిటి నా దగ్గర డబ్బులు కట్టేడు. నువ్వు నా పొయ్యి ముట్టుకుంటే ఆ డబ్బులు నేను ఎనక్కి ఇచ్చేయాల. నా కడుపు కొట్టకు. ఎల్లి వరండాలో కూకో, టీ అట్టుకొస్తాను."

అమ్మ వెళ్ళి బల్ల మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు అంచు మడతలు పెట్టి విప్పింది, మళ్ళీ పెట్టింది. నా జడ విప్పి దువ్వబోయింది, దువ్వెన లోపల గదిలో ఉంది. నా పాదాలకి అంటుకున్న ఇసుక దులిపింది. గోపాల్‌పూర్ ఇసుకలో నల్లటి రేణువులు, ఎర్రటి రేణువులు కలిసి ఉంటాయి. పెద్దయ్యాక తెలిసింది, నల్లవి ఇల్మెనైట్, ఎర్రవి గార్నెట్ అని, వాటి కోసమే ఛత్రపూర్ దగ్గర ఇండియన్ రేర్ ఎర్త్స్ వాళ్ళ కర్మాగారం ఉందని. అప్పుడు మాకు తెలిసింది ఒకటే, పాడైపోయిన రేడియో స్పీకరులో అయస్కాంతాన్ని ఆ ఇసుకలో తిప్పితే నల్లటి గడ్డం మొలిచేదని. అమ్మ నా పాదం ఒళ్ళో పెట్టుకుని ఆ నల్ల రేణువులని ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది. ఇంతలో తెల్లారింది.

అప్పుడు మామ్మగారు మినపరొట్టె పట్టుకొచ్చారు. దిబ్బరొట్టె అని కూడా అంటారు.

ఆ రొట్టె ఎలా చేసేవారో నేను తరవాతి సంవత్సరాల్లో ఎన్నోసార్లు పక్కన కూర్చుని చూశాను. రాత్రి నానేసిన మినప్పప్పుని రుబ్బురోట్లో గట్టిగా రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి ఉంచేవారు. పొద్దున్న బరువైన ఇనప మూకుడులో నూనె పోసి, కాగాక ఆ పిండి మూడు వేళ్ళ మందాన పోసేవారు. పైన పళ్ళెం మూసి, కొబ్బరిచిప్పల నిప్పులు ఆ పళ్ళెం మీద పరిచేవారు. కింద సెగ తగ్గించేసేవారు. ఇంక కదపకూడదు, మూత తియ్యకూడదు. అరగంట పైనే పట్టేది. మధ్యలో మామ్మగారు వంగి చెవి పెట్టి వినేవారు. నూనె చిటపటలు తగ్గి సన్నగా బుసబుస మంటే రొట్టె అంచు వదిలిందని లెక్క. మూత తీస్తే ఆవిరి ఒక్కసారిగా పైకి లేచేది. కిందా పైనా కరకరలాడే ఎర్రటి చెక్కు, లోపల తెల్లగా, మెత్తగా గుల్లగా ఉండేది. దాన్ని పుచ్చకాయ ముక్కల్లాగా కోసి, పక్కన ఇంత ఆవకాయ, చిన్న గిన్నెలో బెల్లం పాకం పెట్టేవారు.

ఆ మొదటి ముక్క మామ్మగారు అమ్మ కంచంలో వేశారు. అమ్మ వెంటనే కంచం నాన్న వైపు జరిపింది. మామ్మగారు కంచాన్ని మళ్ళీ అమ్మ వైపు జరిపారు. "ఆయనకీ ఉంది. పిల్లలకీ ఉంది. నువ్వు తిను" అన్నారు.

మా ఇంట్లో అమ్మ తినడం నేను సరిగ్గా చూసిందే లేదు. అందరి కంచాలూ తీశాక, వంటింట్లో గోడకి ఆనుకుని, గిన్నె అడుగున మిగిలింది కలుపుకుని తినేది. అట్లయితే చిరిగినది, ఇడ్లీ అయితే అంటుకుపోయినది అమ్మది. అలాంటి మనిషి కాళ్ళు చాపుకుని, సముద్రపు గాలికి ముంగురులు ఎగురుతుంటే, వేడివేడి రొట్టె మొదటి ముక్క తింటోంది. తింటూ ఒక్కసారి కళ్ళు మూసుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, రుచి చూస్తోంది. నాన్న అటు చూడనట్టు పేపరు చదువుకుంటున్నారు. ఆ పేపరు ముందురోజుదని నాకు తెలుసు.

ఆ తరవాత పన్నెండేళ్ళు, ఒకటి రెండు సార్లు తప్ప, ప్రతి డిసెంబరూ వెళ్ళాం.

మామ్మగారింట్లో మిగతా రెండు గదుల్లో ఎక్కువగా కలకత్తా నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. చలికాలం సముద్రపు గాలి ఒంటికి మంచిదని వాళ్ళ నమ్మకం. హౌరా నుంచి మెయిల్‌లో బరంపురం స్టేషన్‌లో దిగి నేరుగా వచ్చేసేవారు. వాళ్ళు మామ్మగారిని 'మాషిమా' అని పిలిచేవారు, అంటే పెద్దమ్మా, పిన్నీ అన్నట్టు. పక్కింటి ఒడియా ఆవిడ 'మావుసీ' అనేది. మేము మామ్మగారూ అనేవాళ్ళం. ఆవిడ ముగ్గురికీ ముగ్గురి భాషలోనూ బదులిచ్చేవారు. మినపరొట్టె చూసి పక్కింటావిడ ఇది మా పొడొపిఠా అనేది. కాదు, మా రొట్టె అని మామ్మగారు. ఇద్దరూ దాని మీద పెద్ద వాదన పెట్టుకుని, చివరికి ఒకే కంచంలో తినేవారు. రెండో రోజు ఇడ్లీ ఉండేది, దాంట్లోకి చట్నీతో పాటు బటానీల ఘుగుని. బరంపురం మనుషులకి ఇడ్లీ, ఘుగుని కలిపి తినడం ఎంత సహజమో విశాఖపట్నంలో నా ఆఫీసువాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. మూడో రోజు చోడి అంబలి, ఉల్లిపాయ, వేయించిన మిరపకాయలు. చోడి అంబలినే ఒడియావాళ్ళు మాండియా జావు అంటారు.

ఆ మాటకొస్తే, "బరంపురం ఒరిస్సా కదా, మీకు ఇంత తెలుగు ఎలా వచ్చు?" అని అడగని మనిషి లేడు నాకు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరిగారు 1894లో పుట్టింది మా బరంపురంలోనే. గీత అటు జరిగినా, ఇటు జరిగినా మనుషులు ఉన్నచోటే ఉన్నారు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, బజారులో రెండూ. మాకు అది కష్టమని ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు నా పిల్లలకి ఒడియా ఒక్క ముక్క రాదు, అది మాత్రం బాధగా ఉంటుంది.

టిఫిన్ అయ్యాక సముద్రం. గోపాల్‌పూర్ కెరటం మోసం చేస్తుంది, ఒడ్డు దగ్గరే లోతు. స్నానానికి దిగేవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి వెదురుతో అల్లిన కోసు టోపీలు పెట్టుకుని నోలియాలు నిలబడి ఉండేవారు. వాళ్ళందరూ మన తెలుగువాళ్ళే, వాడబలిజలు. అక్కడి నుంచి ఆర్యపల్లి, పొడంపేట, ఇంకా పైకి పూరీ దాకా సముద్రం ఒడ్డున వేట చేసే పల్లెల్లో తెలుగే వినిపిస్తుంది. మొదటి ఏడాది అమ్మ నీళ్ళలోకి దిగనని మొండికేసింది. ఒక ముసలి నోలియా వచ్చి, "భయమేటి అప్పా, గంగమ్మ తల్లి కాళ్ళు కడుగుద్ది, అంతే. నా చెయ్యి అట్టుకో" అన్నాడు. అప్ప అంటే అక్క. అమ్మ మోకాళ్ళ దాకా దిగింది. కెరటం వచ్చి చీర కుచ్చెళ్ళు తడిపేసి వెళ్ళిపోతుంటే కాళ్ళ కింద ఇసుక జారి, కెవ్వున అరిచి నవ్వింది. అమ్మకి అంత గట్టిగా నవ్వడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

వాళ్ళ పడవలు చూడటం నాకు సరదా. చెక్కలని మేకులతో కొట్టేవారు కాదు, కొబ్బరితాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ ఆ ఒడ్డు కెరటాల దెబ్బకి విరిగిపోతుంది. కుట్టిన పడవ అలకి వంగి, సాగి నిలబడుతుంది. దూరాన లంగరేసిన రంగూన్ స్టీమర్ల దాకా మనుషులని, మూటలని చేరవేసింది అలాంటి పడవలేనట. "మా మావ కూడా దాంట్లోనే ఎల్లేడు. ఓడెక్కేటప్పటికి కడుపులో ఉన్నదంతా కక్కేసేడట" అని మామ్మగారు చెప్పేవారు. పెద్ద చదువులకి వచ్చేసరికి ఫైబర్ పడవలు, మోటార్లు వచ్చేశాయి. కుట్టిన పడవ ఒక్కటీ కనబడలేదు.

సాయంత్రాలు లైట్‌హౌస్ ఎక్కేవాళ్ళం. దిగి వస్తూ పామ్ బీచ్ హోటల్ గేటు ముందు కాసేపు ఆగేవాళ్ళం. 1914లో ఒక ఇటలీ దొర పెట్టిన హోటల్, ఆ తరవాత ఒబెరాయ్ వాళ్ళు కొన్నారు. లోపల పచ్చిక, తెల్లటి కుర్చీలు. "మనం ఎప్పుడైనా ఇందులో ఉందామా నాన్నా?" అని తమ్ముడు అడిగితే అమ్మే బదులిచ్చేది, "అక్కడ మామ్మగారు ఉండరు కదరా" అని.

1990లో అనుకుంటాను, ఒకరోజు రంభ వెళ్ళాం. చిలికా సరస్సుకి దక్షిణపు చివర ఉంటుంది. ముందురోజు రాత్రే మామ్మగారు పులిహోర కలిపి, పొద్దున్న రొట్టె నాలుగు ముక్కలు విడిగా ఆకులో చుట్టి ఇచ్చారు. టిఫిన్‌కి డబ్బులు తీసుకున్నాను కాబట్టి మీరు ఇంట్లో తిన్నా, పడవలో తిన్నా పెట్టే పూచీ నాదే అన్నారు. నాటుపడవలో బయల్దేరాం. చలికాలం కదా, నీళ్ళ మీద ఎటు చూసినా బాతులు. నాన్న పడవతన్ని అడిగి ఒక్కొక్క దీవి పేరూ చెబుతున్నారు. నీళ్ళ మధ్య బండ మీద కోసుగా ఉన్న స్తంభం ఒకటి చూపించి, కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించాడని చెప్పారు. ఇంకో దీవి మీద శిథిలమైన చిన్న బంగళా ఉంది. కళ్ళికోట రాజావారు కట్టించారట. ఆ దీవి పేరు బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్.

"అంటే ఏమిటి?" అంది అమ్మ.

"పొద్దుటి టిఫిన్ దీవి" అన్నారు నాన్న.

అమ్మ చాలాసేపు ఆ బంగళా వైపే చూసింది. "టిఫిన్ తినడానికే ఒక దీవా?" అని, "అయితే మనమూ ఇక్కడే తిందాం" అని ఆకుపొట్లం విప్పింది. పడవ అక్కడే ఆపించాం. చల్లారిన రొట్టె మీద చెక్కు కాస్త మెత్తబడింది, ఆవకాయ నూనె ఆకంతా పాకింది. అమ్మ ఒక ముక్క పడవతనికి ఇచ్చింది, రెండు మాకు ఇచ్చింది. నాలుగోది నాన్న సగం తుంచి అమ్మ చేతిలో పెట్టారు. మా పెద్దవాళ్ళు ఒకరి చేతిలో ఒకరు ఏదైనా పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను డిగ్రీలో ఉండగా ఒక ఏడాది డిసెంబరులో కుదరక మార్చిలో వెళ్ళాం. మామ్మగారి గదిలో తాబేళ్ళ మీద పరిశోధన చేసే కుర్రవాళ్ళు ఇద్దరు ఉన్నారు. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలకొద్దీ ఒకేసారి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలకి తెలిసింది 1994లోనే. ఊళ్ళో వేటకెళ్ళేవాళ్ళకి మాత్రం అది తాతల నాటి నుంచీ తెలుసు. ఆ కుర్రవాళ్ళతో కలిసి రాత్రి వెళ్ళాం. వెన్నెట్లో ఒక తల్లి తాబేలు వెనక కాళ్ళతో గుంట తవ్వి, వందకి పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్ళంతా ఊపుతూ దాన్ని అదిమి, తిరిగి చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తాబేలు కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ఏడుపు కాదు, ఒంట్లో ఉప్పు అలా బయటికి పోతుందని కుర్రవాడు చెప్పాడు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నలుగుర్ని కన్నవాళ్ళని అడుగు" అంది.

నా పెళ్ళి కుదిరిన ఏడాది అమ్మని అడిగాను. "మామ్మగారి రొట్టె నీకు ఇష్టం కదా, అన్నేళ్ళు వెళ్ళాం, ఒక్కసారైనా ఎలా చెయ్యాలో అడగలేదేం? మనింట్లో ఎప్పుడూ చెయ్యలేదేం?"

అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "నేర్చుకుంటే నేనే చెయ్యాలి కదే" అంది.

ఆ మాట తరవాత నేనెప్పుడూ మర్చిపోలేదు. నేను పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదాన్ని కూడా అమ్మకి చెప్పలేదు.

1999 అక్టోబరులో తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అది వెళ్ళిన పది పన్నెండు రోజులకే పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ వచ్చి అంతకన్నా పెద్ద కష్టం తెచ్చేసరికి, మా వైపు తుపాను సంగతి బయటివాళ్ళెవరికీ గుర్తులేదు. మామ్మగారింటి పెంకులు సగం ఎగిరిపోయాయి. ఆ ఏడాది మేము వెళ్ళలేదు. మరుసటి ఏడు నాన్నకి ఒంట్లో బాగోలేదు. అలా అలా ఆగిపోయింది. 2005లో మామ్మగారు పోయారని కబురు వచ్చింది, పన్నెండో రోజుకి నాన్న ఒక్కరే వెళ్ళి వచ్చారు. వస్తూ మామ్మగారి కోడలు ఇచ్చిందని ఎండిన మొగలిరేకులు తెచ్చారు. మామ్మగారు గదుల్లో దుప్పట్ల మడతల్లో పెట్టేవారు అవి. గంజాం మొగలిపూలు అత్తరుకి పెట్టింది పేరు. ఆ గదుల్లో పడుకుంటే తలగడలోంచి ఆ వాసనే వచ్చేది. అమ్మ వాటిని తన పెట్టెలో దాచుకుంది. 2009లో నాన్న కూడా పోయారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ వచ్చినప్పుడు నేను విశాఖలో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. మళ్ళీ గోపాల్‌పూరే. గంటకి 200 కిలోమీటర్ల గాలి. లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. టీవీలో ఆ ఊరి పేరు వినిపించినప్పుడల్లా నాకు బీచ్ కనిపించలేదు, వరండాలో చెక్క బల్ల కనిపించింది.

2014 డిసెంబరులో అమ్మని తీసుకుని వెళ్ళాను. సముద్రం ఎదురుగా మంచి హోటల్లో గది తీసుకున్నాను. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' అని ఉంది. ఆ మాట చదువుతుంటే, మామ్మగారు ముప్పై ఏళ్ళు నడిపింది ఇదే కదా అనిపించింది. పొద్దున్న కిందకి దిగాం. పొడుగాటి బల్ల మీద పదిహేను రకాలు. అమ్మ ఖాళీ కంచం పట్టుకుని వరసలో నిలబడి, ఒక్కొక్క మూతా తీసి చూసి, నాకు ఏం కావాలో, నా పిల్లలకి ఏం కావాలో వడ్డించడం మొదలుపెట్టింది. తన కంచంలో ఏమీ లేదు. నేను కంచం తీసేసుకున్నాను.

"మామ్మగారింటికి వెళ్దామా అమ్మా?"

"ఉందంటావా?"

ఉంది. దారిలో సరుగుడు చెట్లు చాలా వరకు నేలకూలి మొదళ్ళు మిగిలాయి. ఇంటి పెంకులు పోయి రేకులు వేశారు. గేటు దగ్గర బోర్డు లేదు. వరండాలో బల్ల ఉంది. మామ్మగారి కోడలు బయటికి వచ్చి ఒక్క నిమిషం తేరిపార చూసి, "బరంపురం అప్ప కదూ!" అంది. ఆమెకీ యాభై దాటాయి. గదులు అద్దెకివ్వడం మానేశారట, కొడుకు భువనేశ్వర్‌లో ఉద్యోగమట. టీ తాగి వెళ్దామన్నాం. ఆమె ఒప్పుకోలేదు. "ఇడ్లీకని పిండి ఉంది అప్పా. రొట్టె వేస్తాను. గ్యాసు మీద మా అత్త వేసినట్టు రాదు, పైన నిప్పులు పెట్టడానికి లేదు, తిరగేసి కాలుస్తాను. కూకోండి."

లోపల ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టిన చప్పుడు విన్నాను. నేను లేచాను, పచ్చడన్నా రుబ్బిద్దామని. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

"కూర్చో. నువ్వెళ్తే ఆ పిల్ల నొచ్చుకుంటుంది."

అరగంట పట్టింది. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, గోడల మధ్య సందులోంచి కనిపించే సముద్రం ముక్క వైపు చూస్తూ కూర్చుంది. కొంగు మడతలు పెట్టలేదు. కోడలు కంచం తెచ్చి మొదటి ముక్క అమ్మ ముందు పెట్టింది. అమ్మ ఎటూ జరపలేదు. చెక్కు అంచు విరిచి, బెల్లం పాకంలో ముంచి, నోట్లో పెట్టుకుని నమిలింది.

"కొంచెం మాడింది కదప్పా?" అంది కోడలు.

"ఇంకో ముక్క వెయ్యి" అంది అమ్మ.